మేకకు అందని ఎత్తున

నెల్లితోపులో మా ఇంటి పెరట్లో ఇప్పటికీ కట్టెల పొయ్యి ఉంది. గ్యాసు లేక కాదు. టీకి, కూరకు గ్యాసే. స్నానానికి నీళ్లు కాచాలన్నా, వడ్లు ఉడకబెట్టాలన్నా కట్టెలే. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ నాకు కనబడదు.

ఆ కట్టెలు అరియాంకుప్పం అవతల మా మెట్ట నుంచి వస్తాయి. నీటి వసతి లేని నేల, గట్ల మీద నల్లతుమ్మ చెట్లు. మా అత్త పెట్టిన కట్టడి ఒకటే: కొమ్మను తలకంటే ఎత్తున నరకాలి, నరికిన చెట్టును మూడేళ్లు ముట్టకూడదు. మేక ముందుకాళ్లెత్తి నిలబడినా కొత్త చిగురు అందకూడదు.

కొత్త కోడలిగా ఆ మాట నా తలకెక్కలేదు. నేను పొట్టిదాన్ని. చేతులెత్తి నరకలేక ఒక చెట్టును నడుము దగ్గరే కొట్టేశాను. ఎన్ని కట్టెలు వచ్చాయో అని మురిసిపోయాను కూడా. నెల తిరక్కుండానే చిగుళ్లు వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే మేకలు మేసేశాయి. ఎండాకాలానికి చెట్టు చచ్చిపోయింది.

"మేకలకి బాగా సాపాటు పెట్టినావులే," అంది అత్త. తిట్టినా బాగుండేది. ఆ మోడును మాత్రం పొయ్యిలోకి కూడా రానివ్వలేదు. నా కళ్లకు కనబడాలని అలాగే ఉంచింది.

మొన్న మా పెద్దవాడు ఆ గట్లు చదును చేయించడానికి జేసీబీని మాట్లాడాడు. నాకు చెప్పింది ముందురోజు సాయంత్రం. పొగ ఒంటికి మంచిది కాదు, చెట్లు నరకడం పర్యావరణానికి మంచిది కాదు అని పాఠం మొదలుపెట్టాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పొగ మాట నిజమే, అందుకే పొయ్యి ఆరుబయట పెట్టుకున్నాను. కానీ కొమ్మ నరికితే తప్పట, వేళ్లతో పెకలిస్తే ఒప్పట! నాకు ఒళ్లు మండింది.

తెల్లారి కత్తి, ముక్కాలిపీట పట్టుకుని మొదటి బస్సుకే వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. యంత్రం వచ్చింది, వెనకే స్కూటర్ మీద మావాడు.

"ఏందమ్మా ఇది, లెయ్. డ్రైవరు కాచుకోనుండాడు. గ్యాసుండాదే, ఇంకా ఈ ముళ్లచెట్లు ఏమిటికి?"

"నీ పిల్లోళ్లకి నీళ్లు కాచింది యాడి కట్టెలతో రా? మీ అవ్వ నరికిన చెట్లే ఇవి. నరికేకొద్దీ చిగిరిస్తానే ఉండాయి. ఒక్కటీ సావలేదు."

"ఒకటి సచ్చింది గదా," అన్నాడు మోడు వైపు చూపించి, గెలిచినట్టుగా.

"దాన్ని సంపింది నేను."

వాడికి ఆ సంగతి తెలియదు. అత్తా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

"ఆ ఒక్కటి సాలు. రెండోదాన్ని కూల్చాలంటే ముందు నన్ను లేపండి."

డ్రైవరు తనంతట తనే ఇంజను ఆపేశాడు. ఈ ఏడు వంతు వచ్చిన చెట్టు కింద ముక్కాలిపీట వేసుకుని, కత్తి పట్టుకుని ఎక్కాను. పీట కదిలింది. మావాడు వచ్చి పట్టుకున్నాడు. పట్టుకుంటే పట్టుకోనీ. మళ్లీ యంత్రం తెస్తే మళ్లీ కూర్చుంటాను.