అశ్వత్థనారాయణ మామ చెప్పిన ‘రాదు’

అశ్వత్థనారాయణ మామ చేత ‘సీటు రాదు’ అనిపించుకోకుండా కాలేజీ గడప తొక్కిన పిల్లవాడు మా కాలంలో ప్రొద్దుటూరు మొత్తం మీద ఒక్కడూ లేడు. ఆయన బంగారు అంగడి శెట్టి. చదివింది ఎనిమిదో తరగతి. అయినా పరీక్షా ఫలితాలు వచ్చాయంటే మేమందరం ఆయన అంగడి మెట్లెక్కి మార్కులు చూపించాల్సిందే, ఆయన ‘రాదు’ అనాల్సిందే. ఫస్టు క్లాసు వాడికీ రాదు, బొటాబొటిగా గట్టెక్కిన వాడికీ రాదు. ఆ ఒక్క విషయంలో ఆయనకు పక్షపాతం లేదు.

మార్కులు చూడటానికి ఆయనకో పద్ధతి ఉండేది. ఎవరైనా పాత నగ తెస్తే గీటురాయి మీద గీసి వన్నె కట్టేవాడు కదా, మార్కుల కాగితానికీ అదే మర్యాద. ముందు వెలుతురుకు పట్టి చూసేవాడు. తర్వాత భూతద్దం కంటికి ఆనించి ఒక్కో సబ్జెక్టు దగ్గరా ఆగి మూలిగేవాడు.

“లెక్కలు మేలిమి. సైన్సు పర్వాలా. ఇంగ్లీషులో రాగి శానా కలిసిండాది. కరిగిస్తే ఏం మిగల్దు. రాదు పో!”

ఒకసారి అన్నిట్లో ఎనభై దాటినవాడు వచ్చాడు. ఇప్పుడేం చేస్తాడో చూద్దామని మేమంతా అంగడి ముందు మూగాం.

“అన్నీ ఎనభైలే గదా మామా?”

“అన్నీ ఒకే మాదిరి వుండాయంటే యాడో అతుకు వుండాది. ఆ అతుకు కనపడకుండా వుండాదంటే ఇంగా అనుమానం. రాదు పో!”

తీర్పు చెప్పే ముందు ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడిగేవాడు. అదీ పిల్లవాణ్ణి కాదు, వెంట వచ్చిన తండ్రిని. “సీటు వస్తాదని ఊర్లో ఎంతమందికి చెప్పుకున్యావప్పా?” ఎవరికీ చెప్పలేదంటే ‘రాదు’ అని మెల్లగా అనేవాడు. అందరికీ చెప్పామంటే ఆ ‘రాదు’ వీధి చివర కాఫీ హోటల్లో వాళ్లకు కూడా వినపడేది. ఈ లెక్కేమిటో మాకు అంతుబట్టలేదు. శెట్టికి తిక్క, అంతే అనుకున్నాం.

ఈ తిక్కను మొదట ఓడించినవాడు టైలరు షంషుద్దీన్ కొడుకు హుమాయున్. కర్నూలు మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెడితే, “రాదు పో, మీ నాయన మిషన్ తొక్కుకో” అన్నాడు మామ. ఆ ఎండాకాలం పోకముందే సీటు వచ్చింది. హుమాయున్ రొప్పుకుంటూ అంగడికి పరిగెత్తాడు.

“రాదంటివే మామా! సూడు, వచ్చె!”

“వచ్చిందా? అట్లయితే ఆ కాలేజోళ్ల భూతద్దం పగిలిపోయింటాది.”

“నువ్వు ఓడిపోయినావని ఒప్పుకో.”

“ఒప్పుకున్యా లేరా, ఓడిపోయినా!” అని బేరానికి వచ్చిన ఆడవాళ్ల ముందే రెండు చెవులూ పట్టుకున్నాడు. హుమాయున్ డాక్టరయిన తర్వాత కూడా సీటు వచ్చిన సంగతి కంటే శెట్టిని ఓడించిన సంగతే ఎక్కువ చెప్పుకునేవాడు.

మరుసటేడు ఆయన రాదన్నవాళ్లలో ఇంకో ఇద్దరికి వచ్చింది. ఇంకేం, ఊరు తేల్చేసింది: శెట్టి రాదంటే వచ్చినట్టే! ఆ మాట చుట్టుపక్కల పాకింది. జమ్మలమడుగు బస్సు, పులివెందుల బస్సు దిగినవాళ్లు నేరుగా ఆయన అంగడికే వచ్చేవాళ్లు. బంగారం కొనడానికే వచ్చారని ఆయన గుమాస్తా మొదట్లో ఆశపడి చాపలు కూడా పరిచాడు పాపం.

పులివెందుల ప్రమీలమ్మయితే పళ్లెంలో టెంకాయ, ఆకువక్క పెట్టుకుని కొడుకుతో సహా దిగింది. ఆ కొడుకు ప్రతి సబ్జెక్టులోనూ గోడ పట్టుకుని నడిచినట్టు గట్టెక్కాడు.

“శెట్టీ, నీకు పున్నెముంటాది, మావానికి రాదని ఒక్క మాట అను.”

“తల్లీ, వీనికి నిజంగానే రాదమ్మా.”

“అబ్బ, సల్లని మాట అంటివి! బాపట్ల యవసాయం కాలేజీకి గూడా పెట్టినాం, దానికీ ఒకటి అను నాయనా.”

“దానికీ రాదు.”

“తిరుపతిలో పశువుల డాక్టరుకు...”

“యాడా రాదు తల్లీ! ఈ భూమ్మీద యాడా రాదు!”

ప్రమీలమ్మ ఆనందం పట్టలేక కళ్లొత్తుకుని, టెంకాయ అక్కడే కొట్టి, ఒక చిప్ప శెట్టి చేతిలో పెట్టి బస్సెక్కింది.

మరి రానివాళ్ల సంగతేమిటంటారా? వాళ్లే ఎక్కువ. కానీ వాళ్ల కథ ఊరు చెప్పుకోదు కదా. ఊరు మరచినా శెట్టి మాత్రం మరిచేవాడు కాదు. ఫలానా పిల్లవాడికి సీటు రాలేదని తెలిస్తే చాలు, బేరం మధ్యలో వదిలేసి వాళ్లింటికి పోయి, వాకిట్లో నిలబడి, “నేను చెప్పలా! రాదని ముందే చెప్పలా!” అని గొంతు చించుకునేవాడు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఇంత పాడు అలవాటు మనిషి జన్మ ఎత్తినవాడికి ఉంటుందా అని మా అమ్మే చాలాసార్లు అంది.

జమ్మలమడుగులో వేదవ్యాస అనే కుర్రవాడికి సీటు రాకపోతే, పనిగట్టుకుని బస్సెక్కి అక్కడికీ పోయాడు. “నేను చెప్పలా!” అన్నాడో లేదో, ఆ పిల్లవాడి అవ్వ వెంకటసుబ్బమ్మ చీపురు పొరక తీసుకుంది.

“నీ నోట్లో మన్ను పడ! నీ నాలిక మింద శని కూర్చోనుండాడు! నీ మాట తగిలే గదరా మా పిల్లోని సీటు పాయె!”

సీటు వస్తే శెట్టి నోటి చలవ, రాకుంటే శెట్టి నోటి పాపం. అవ్వ ఆయన్ను బస్టాండు దాకా తరిమింది. వీపు మీద పొరక దెబ్బలు తిన్న ఆ మనిషి, బస్సులో చెమట తుడుచుకుంటూ తనలో తాను నవ్వుకున్నాడని కండక్టరు వచ్చి చెప్పాడు. తిక్క ముదిరి పిచ్చిలోకి దిగిందని నిర్ణయించుకున్నాం.

తర్వాత నా వంతు వచ్చింది. ఇక్కడి నుంచి నాకు నవ్వు రాదు. మా నాయన పద్మనాభయ్య హైస్కూల్లో లెక్కల అయ్యవారు. ఇంజనీరు కావాలని ఆశపడి, చదివించే దిక్కులేక బళ్లో మిగిలిపోయిన మనిషి. ఆ ఆశంతా మూటగట్టి నా నెత్తిన పెట్టాడు. నేను కడపలో పీయూసీ పరీక్షలు రాస్తుండగానే, బళ్లో తోటి అయ్యవార్లకు, కూరగాయల అంగడిలో, మంగలి దగ్గర, “మావాడు అనంతపురం ఇంజనీరింగుకు పోతాండాడు” అని చెప్పేశాడు. నా మార్కులు వచ్చాయి. ఆ ఎత్తుపల్లాల కంటే జమ్మలమడుగు రోడ్డే నయం. లెక్కలు తొంభై ఆరు, ఫిజిక్సు డెబ్భై ఎనిమిది, కెమిస్ట్రీ నలభై ఒకటి, ఇంగ్లీషు ముప్పై ఆరు.

ఇలాంటి మార్కులతో సీటు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోయారు. తొంభై ఆరు చూసినవాళ్లు వస్తుందన్నారు, ముప్పై ఆరు చూసినవాళ్లు నోరు చప్పరించారు. నేను కాగితం తీసుకుని మామ దగ్గరికి పోయాను.

“మీ నాయన ఊర్లో ఎంతమందికి చెప్పినాడు?”

“చెప్పనోళ్లు లేరు మామా.”

ఆయన భూతద్దం దించేశాడు. కాగితం కాదు, నా మొహం చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎదురంగడి వాళ్లు ఉలిక్కిపడి లేచేలా అరిచాడు. “రాదు పో!”

నేను ఎగిరి గంతేసి ఇంటికి పోయాను. శెట్టి ఇంత గట్టిగా ఎవరికీ అనలేదని మా అమ్మ సీతమ్మ పాయసం చేసింది.

అనంతపురంలో ఇంటర్వ్యూకు పోతే ముగ్గురు పెద్దమనుషులు ఇంగ్లీషులో ఏదో అడిగారు. నేను “ఎస్ సార్” అన్నాను. వాళ్లు మొహాలు చూసుకుని మళ్లీ అడిగారు. ఈసారి “నో సార్” అన్నాను. రెండిట్లో ఒకటి తప్పకుండా సరిపోయి ఉంటుందని ధైర్యం చెప్పుకుంటూ బస్సెక్కాను.

పేపర్లో లిస్టు పడింది. నా నంబరు లేదు. కింది నుంచి పైకి చూశాను, పై నుంచి కిందికి చూశాను, లేదు. ఇంటికి పోవడానికి కాళ్లు రాలేదు. నాయన తిడతాడని కాదు. ఆయన రేపు బడికి ఎట్లా పోతాడు, ఆ మంగలికి ఏం చెప్తాడు? పెన్న ఇసకలో పొద్దుగూకే దాకా కూర్చున్నాను. ఆ నెలలో ఏట్లో నీళ్లు లేవు. ఉండి ఉంటే నాకు ఏం బుద్ధి పుట్టేదో ఇప్పటికీ తలుచుకోను.

ఇంటి సందు మలుపు తిరగ్గానే కేకలు. మా వాకిట్లో మామ నిలబడి ఉన్నాడు.

“నేను చెప్పలా అయ్యవారూ! ముందే మొత్తుకోలా!”

“నోరు ముయ్! నీ దరిద్రపు నోరు తగిలే నా బిడ్డ బతుకు ఇట్లాయె!” మా నాయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. నన్ను ‘నా బిడ్డ’ అనడం కూడా అదే మొదటిసారి.

“నా నోరు ఇంతే సామీ. కావాలంటే షంషుద్దీన్‌ను పిలిపించి కుట్టేయండి. పిల్లోడు ఏం జేస్తాడు, అంతా నా నోటి పాపమే!”

వీధంతా చేరి తలో మాటా అంటోంది, శెట్టి నోటి సంగతే. నా సంగతి ఎవరికీ గుర్తు లేదు. నేను గోడవారగా వస్తుంటే మామ నా వైపు తల తిప్పకుండానే గొణిగాడు. “లోపలికి పోయి అన్నం తిను. నన్ను ఇంగ రొంతసేపు తిట్టనీ.”

మా నాయన గొడుగు ఎత్తి మీదికి పోయేసరికి మామ చెప్పులు వదిలేసి పరుగు లంకించుకున్నాడు. నాయన అరుగు మీద కూలబడ్డాడు. కోపమంతా ఖర్చయిపోయింది. నన్ను చూసి ఒకటే అడిగాడు. “అన్నం తిన్యావా?”

కాసేపటికి మామ భార్య శకుంతలమ్మ వచ్చింది, ఆ చెప్పుల కోసం. “ఆయప్ప మాటలు మనసులో పెట్టుకోవద్దండి అయ్యవారూ” అంది. మా అమ్మ ఊరుకోలేదు.

“ఏందమ్మా ఈ పాడు అలవాటు? ఒక్కడంటే ఒక్క పిల్లోనికి వస్తాదని చెప్పకూడదా?”

“ఒక్కనికి చెప్పినాడు తల్లీ” అంది శకుంతలమ్మ. “మా బాలకృష్ణకు. మీరు ఈ ఊరికి రాకముందు మాట. వస్తాది, రాసిపెట్టుకోండని ఊరంతా చెప్పి, సీటు రాకముందే అంగడంగడికీ లడ్లు పంచినాడు. అది రాలా. పిల్లోడు గడప దాటితే చాలు, సీటు ఏమాయె, సీటు ఏమాయె అని ఊరంతా ఒకటే అడిగేది. సిగ్గుపడి గదిలో నుంచి బయటికే రాలా, తిండి మానేసినాడు. దసరా కంటే ముందే విషజ్వరం వచ్చి తీసకపోయింది. జొరమే చంపిందని డాక్టరు చెప్పినాడు. ఈ మనిషి నమ్మడు. నా మాటే చంపింది అంటాడు. పాత బంగారానికి వన్నె ఎక్కువ చెప్పి ఎవురినీ మోసం చేసినోన్ని కాదు, నా కొడుకుకు మాత్రం ఎక్కువ చెప్తినే అని ఏడుస్తాడు. అప్పటి నుంచి ఇదే. సీటు వస్తే పిల్లోడు గెలిచినట్టు, రాకుంటే ఊరు తిట్టాల్సింది నన్నే, వాన్ని కాదు అంటాడు.”

శకుంతలమ్మ చెప్పుల కోసం వంగింది. మా నాయన ఆమె కంటే ముందే వంగి వాటిని తీసుకున్నాడు. ఆచారం తప్పని మనిషి, కోమటి శెట్టి చెప్పులు చేత్తో పట్టుకుని నడివీధిలో నడిచాడు. వీధి నోరు తెరుచుకుని చూసింది. నేను వెనకే పోయాను.

“అయ్యో అయ్యో, కింద పెట్టండి సామీ, నాకు పాపం తగులుతాది!” మామ అంగడిలో నుంచి దూకినంత పని చేశాడు.

నాయన వాటిని ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. “శెట్టీ, వీన్ని బీయెస్సీ లెక్కల్లో చేర్పిస్తా. సీటు వస్తాదంటావా?” అన్నాడు.

మామ కళ్లు తుడుచుకుని భూతద్దం కోసం వెతుక్కున్నాడు. “రాదు పో!” అన్నాడు. మా నాయన నవ్వాడు. నవ్వుతూ అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ మెట్టు ఆయన సాయంకాలం కచేరీ అయింది.

బీయెస్సీలో సీటు వచ్చింది, లెండి. నేనూ లెక్కల అయ్యవారినే అయ్యాను. కొన్నేళ్లకు మామ మంచం పట్టాడు. హుమాయున్ వచ్చి చూసి, బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు. నాయనా, నేనూ లోపలికి పోయాం. మామ గొంతు పీలగా ఉంది.

“అయ్యవారూ, మా బాలకృష్ణ వుండేకాడ నాకు ఒక సీటు దొరుకుతాదంటారా?”

నాకు దుఃఖం ఆగలేదు. శకుంతలమ్మ మొహం తిప్పుకుంది. మా నాయన మాత్రం నింపాదిగా తలగడ పక్కనున్న భూతద్దం తీసుకున్నాడు. కంటికి ఆనించి, మామ మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా చూశాడు. ఒక్కో చోటా ఆగి మూలిగాడు కూడా.

“అన్నీ మేలిమే శెట్టీ. నోట్లోనే రాగి శానా కలిసిండాది” అని భూతద్దం దించాడు. “రాదు పో!”

అశ్వత్థనారాయణ మామ మొహం వెలిగిపోయింది. “సల్లని మాట అంటిరి సామీ” అని భార్య వైపు తిరిగి, “అయ్యవారికి కాఫీ పెట్టు” అన్నాడు. శకుంతలమ్మ ఏడుపులోనే నవ్వుకుంటూ వంటింట్లోకి పోయింది.