సీసాలాయన ముందుకు పోయిన రోజు

పోయిన ఆదివారం పొద్దున మా వాకిలి ముందర పదీ పన్నెండు సైకిళ్ళు ఆగాయి. మాది కురబలకోట పక్కన పల్లె. హార్సిలీ హిల్స్‌కు పోయే దారి మా ఇంటి ముందరే. బెంగుళూరునుంచి వచ్చి సైకిళ్ళమీద కొండెక్కే వాళ్ళు సెలవు రోజుల్లో ఈ దారిన పోతూనే ఉంటారు. ఒంటికి అతుక్కున్న రంగురంగుల చొక్కాలు, నెత్తిన బోర్లించిన గిన్నెల్లాంటి టోపీలు. నీళ్ళడిగితే బిందె తెచ్చి వాళ్ళ సీసాలన్నీ నింపాను. నింపుతూ నింపుతూ, "మీలో సీసాలు మోసే మనిషి ఎవురప్పా?" అని అడిగేశాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నెరిసిన గడ్డమాయన నవ్వి, "మేమంత గొప్పోళ్ళం కాదమ్మా, ఎవురివి వాళ్ళే మోసుకుంటాం. ఆ మాట మీకెట్ల తెలుసు?" అన్నాడు. చెబుదామంటే వాళ్ళకు తీరిక లేదు, ఎండ ఎక్కుతోంది. ఆయనకు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

పోయినేడు ఆషాఢంలో మా మరిది కాలు విరిగింది. కుప్పంలో గ్రానైటు రాళ్ళు కోసే చోట పని ఆయనకు. పలక జారి మోకాలి కింద పడింది. మా తోడికోడలు అక్కడే బడిలో టీచరు, సెలవు దొరకలేదు. అందుకని కట్టు కట్టించి, తెచ్చి మా ఇంట్లో దించి పోయింది. నడవలో మంచం వేసి పడుకోబెట్టాము. రెండు రోజులు గోడ చూస్తూ పడుకున్నాడు. మూడో రోజు సాయంత్రం ఏం చేశాడో ఏమో, ఫోనులో ఉన్న బొమ్మ టీవీలోకి వచ్చింది. చూస్తే సైకిళ్ళు. ఒకటా రెండా, దారి పట్టనన్ని సైకిళ్ళు. కోత మిషన్ బిగించడానికి ఇటలీ నుంచి వచ్చిన ఒకాయన ఎప్పుడో వాళ్ళ షెడ్డులో ఈ పందెం చూపించి పోయాడట, అప్పటినుంచి మరిదికి పిచ్చి పట్టింది.

మా అత్త కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఎవురికి మొక్కుకోని పోతాండారురా వీళ్ళంతా?"

"మొక్కు కాదుమా, పందెం. ఫ్రాన్సు దేశంలో. మూడు వారాలు తొక్కుతారు."

"మూడు వారాలా? వాళ్ళ ఇండ్లల్లో పన్లేమీ లేవా?"

మొదటి రెండు రోజులు మాకు ఊళ్ళు చూడటమే సరిపోయింది. కోసి చుట్టలు చుట్టిన గడ్డి, పొద్దుతిరుగుడు చేలు, వాకిట్లో కుర్చీలు వేసుకుని సైకిళ్ళు ఎప్పుడొస్తాయా అని కూర్చున్న ముసలివాళ్ళు. మా అత్తకు వాళ్ళ ఆవులు బాగా నచ్చాయి, సైకిళ్ళవాళ్ళు ఆవులకు అడ్డం వస్తున్నారని విసుక్కుంది. నాలుగో రోజు మాత్రం ఆమెకు పందెం పట్టింది. పందెం మొదలైనప్పటినుంచి ముగ్గురు మనుషులు గుంపును వదిలి ముందు పోతున్నారు, వెనక నూటా యాభైమంది తరుముతున్నారు. మధ్యలో ఎంత ఎడముందో టీవీలో మూల అంకె వేస్తారు. మా అత్తకు చదువు రాదు కాబట్టి నిమిషానికొకసారి అడిగేది. "ఇప్పుడెంతుండాదిరా?" "నిమిషం పది." "ఇప్పుడు?" "యాభై సెకండ్లు." "ఇప్పుడో?" "ఇరవై." మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగింది. అంత దూరం ప్రాణం పెట్టి తొక్కిన ఆ ముగ్గురినీ, పందెం ముగిసే గీత ఇంక కనబడుతుందనగా, గుంపు మింగేసింది. ఆ పూట మా అత్త సంగటి సగం ముద్దే తినింది.

ఇక ఇల్లు ఇల్లులా లేదు. ఆవుల పాలు గంట ముందే పిండాము. మదనపల్లె మార్కెట్‌కు టమోటాలు తోలి, మధ్యాహ్నం తోటలో పని చూసుకుని వచ్చే మా ఆయన గేటు దగ్గరినుంచే, "యాడికొచ్చినారు?" అని కేకేసేవాడు. ఇన్నేళ్ళలో ఇంటికి వస్తూనే భోజనం మాట కాక వేరే మాట అడగడం అదే మొదలు. ఆ పందెంలో రుచి అదే. ఏ రోజు పందెం ఆ రోజుదే, అన్ని రోజులదీ కలిపి ఇంకొక పందెం. అన్నీ కలిపి అందరికంటే తక్కువ కాలంలో వచ్చినవాడికి పసుపులాంటి పచ్చచొక్కా తొడుగుతారు. ఇవ్వాళ ఏడ్చినవాడు రేపు నవ్వుతాడు. పడినవాడు చొక్కా చినిగి, తొడ గీసుకుపోయి, మళ్ళీ సైకిలెక్కుతాడు. రేపటికి లేస్తాడా లేడా అని మాకు అన్నం దిగదు.

నా కంట ఒకాయన పడ్డాడు. గడ్డం, ఎండకు కమిలిన ముక్కు, చిన్నవాడేమీ కాదు. గుంపులోనుంచి వెనక్కి జారి, వెనకాల వచ్చే కారు దగ్గరికి పోయి, ఆరేడు నీళ్ళ సీసాలు చొక్కాలోకి దోపుకుని మళ్ళీ గుంపులోకి తొక్కుకుంటూ వచ్చేవాడు. మదనపల్లె బస్టాండులో సోడాలు తెచ్చి కిటికీల్లోంచి అందిస్తారే, అట్లా ఆయన అమ్ముకునే మనిషి అనుకున్నాను. "ఎంతకిస్తాడబ్బా ఒక సీసా?" అని అడిగితే మా మరిది కట్టు కాలు అదిరేట్టు నవ్వాడు. అమ్మేది కాదట. ఒక్కో జట్టుకూ ఒక దొర ఉంటాడు. ఆ దొర గెలవడానికి మిగతావాళ్ళంతా కష్టపడాలి. నీళ్ళు తేవాలి, ఎదురుగాలికి ముందు తొక్కుతూ దొరను వెనక దాచుకోవాలి, దొర చక్రం చెడితే తన చక్రం ఊడదీసి ఇవ్వాలి. "ఈయన దొర ఆ పచ్చచొక్కా ఆయనే. ఆయనకు ఈయన పెద్దకోడలు అనుకో వదినా" అన్నాడు మరిది, నాకు అర్థం కావాలని. బాగా అర్థమైంది. ఆరోజునుంచి ఆయన మా ఇంట్లో సీసాలాయన. నేను ఆయన మనిషిని.

ఇది ఇట్లా జరుగుతుండగా పుంగనూరునుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. ఇరవై ఏళ్ళు బాడుగ ఇళ్ళల్లో ఉండి, ఇప్పటికి సొంత ఇల్లు కట్టుకున్నాడు. శ్రావణం రాగానే మొదటి ముహూర్తానికి గృహప్రవేశం. కొత్త పొయ్యిమీద పాలు పొంగించేది ఇంటి ఆడబిడ్డ, అందులోనూ పెద్దది. "నువ్వొస్తేనేక్కా పొయ్యి ఎలిగించేది" అన్నాడు. వాడి పెళ్ళికి మా అత్తకు జ్వరమని పోలేదు. వాడి కూతురి చెవులు కుట్టించేనాడు ఆవు ఈనిందని పోలేదు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, నన్ను కట్టేసినవాళ్ళూ లేరు. ప్రతిసారీ ఏదో ఒకటి వచ్చేది, అంతే. ఈసారి మా ఆయన, "తమ్ముని కాలట్ల పెట్టుకోని నువ్వు పోతే ఈడ ఎవురు సూసేది? మీ చెల్లెలు పొంగిస్తాదిలే పాలు" అన్నాడు. సరేనన్నాను. తమ్ముడికి చెప్పే ధైర్యం చాలక, చూస్తాలే నాయనా అని ఫోను పెట్టేశాను.

ముహూర్తానికి మూడు రోజుల ముందు పందెం పెద్ద కొండల్లోకి వచ్చింది. నేను వంటింట్లో సంగటి కెలుకుతున్నాను. నడవలోనుంచి మా అత్త, "అమ్మీ, నీ సీసాలాయన ముందర పోతాండాడు, బిరీన రా" అంది. తెడ్డు చేతిలో పట్టుకునే పరుగెత్తాను. నిజమే. ఆయన ఒక్కడే. ముందు పోలీసు మోటారుసైకిలు, రెండు పక్కలా జనం అరుపులు, మధ్యలో ఆయన నోరు తెరుచుకుని కొండెక్కుతున్నాడు. ఈరోజుకు తనకోసం తొక్కుకోమని ఆయన్ను వదిలేశారట. వెనకాల ఎడం రెండు నిమిషాలు. ఇంకా ఆరు కిలోమీటర్లు. పొయ్యిమీద సంగటి సంగతి మరిచి, నేలమీద కూలబడ్డాను.

ఉన్నట్టుండి ఆయన తొక్కడం తగ్గించాడు. చెవిలోని తీగ పట్టుకుని ఏదో విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. తరువాత రోడ్డు పక్కకు వచ్చి, ఒక కాలు నేలమీద పెట్టి, వెనక్కి చూస్తూ నిలబడిపోయాడు.

"ఏమైందిరా? సైకిలు సెడిందా?" అంది అత్త.

"లేదుమా. కింద పచ్చచొక్కాయన కాళ్ళు పట్టేసినాయి. ఆయన్ని పైకి తీసుకోని రావాల, నువ్వు ఆగు అని చెవులో చెప్పినారు."

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఇదేం న్యాయమప్పా? గెలిచే మనిషిని నిలబెడతారా? ఇన్నాళ్ళూ నీళ్ళు మోసినాడు, ఒక్కదినం వాన్ని పోనిస్తే వీళ్ళ సొమ్మేం పోతాది?"

మా అత్త టీవీమీదినుంచి కళ్ళు తిప్పి కొడుకును చూసింది. "వాళ్ళు మేలురా. చెవులో చెప్పినారు. నువ్వు మొగం మీదే చెప్తివి గదా."

మా ఆయన ముక్కు ఎగబీల్చి, "సంగటి మాడతాండాది" అని, తెడ్డు నా చేతిలోంచి తీసుకుని వంటింట్లోకి పోయాడు. మా మరిది దుప్పటి సరిచేసుకుంటూ మెల్లగా అన్నాడు. "వదినా, నాకిరిగింది కాలు. చేతులు బాగుండాయి. నువ్వు పుంగనూరికి పో."

వద్దులే అన్నాను. నిజంగానే అన్నాను. కడుపులో మంట ఉంటే పోతానని ఎగిరి ఉండేదాన్ని, కానీ ఆగడం అలవాటైన మనిషికి పొమ్మంటే కాళ్ళు రావు. సీసాలాయన కూడా దొరను వెనక దాచుకుని కొండపైదాకా తెచ్చాడు. పచ్చచొక్కా నిలబడింది, ఆరోజు పందెం ఎవడో గెలిచాడు. ఈయన సైకిలుమీద తల వాల్చి ఊపిరి తీసుకుంటుంటే ముఖంలో కోపం కోసం వెతికాను. కనబడలేదు. దానికే నాకు కోపం వచ్చింది. మరునాడు మా అత్త పెట్టెలోంచి తన ఆకుపచ్చ పట్టుచీర తీసి, నా సంచిలో తనే పెట్టింది. "బస్సు తొమ్మిదికి" అంది, ఇంకేమీ అనలేదు.

పుంగనూరులో పాలు పొంగించాను. పొగకు కళ్ళు మండుతున్నాయని అందరికీ చెప్పాను, గ్యాసు పొయ్యికి పొగేమిటని మా చెల్లెలు వేళాకోళం చేసింది. ఆదివారం సాయంత్రం, సున్నం వాసన వదలని ఆ ఇంట్లో, అందరినీ కూర్చోబెట్టి పందెం ఆఖరి రోజు చూపించాను. ఇంటినుంచి మా ఆయన ఫోను చేసి, సంగటిలో గడ్డలు కట్టకుండా ఎట్లా కెలకాలని అడిగి, సీసాలాయన కనబడ్డాడా అని కూడా అడిగాడు. ఆయన ఎక్కడో నూరుమంది వెనక వచ్చాడు, టీవీవాళ్ళు చూపనేలేదు. ఆ పందెంలో కడపటివాడి దాకా ఎవరికెంత కాలం పట్టిందో సెకండ్లతో సహా రాస్తారని మరిది చెప్పాడు. ఇంకొకరికోసం కాలు కింద పెట్టి నిలబడిన సేపును మాత్రం వేరుగా తీసి రాయరట. అది కూడా ఆ మనిషి తొక్కిన కాలంలోనే కలిసిపోతుంది.