వార్తలకు ముందు వచ్చే వాద్యం

రికార్డుల కొట్టుకు వెళ్తే మా చిన్నాయన పాట పేరు చెప్పేవాడు కాదు. కళ్లు మూసుకుని కూనిరాగం తీసేవాడు.

"పేరు లేకుంటే ఎట్ల వెతికేదన్నా?" అనేవాడు కొట్టతను.

"రేడియోలో ఎవురూ చెప్పలేదప్పా."

ఆయనది కోయంబత్తూరులో మిల్లు పని. సాయంత్రం వార్తలకు ముందు, ఖాళీ నింపడానికి, రేడియోలో ఒక క్లారినెట్ వాద్యం వేసేవారు. అది వినబడగానే పిన్నమ్మ వంటింట్లో టిఫిన్ క్యారియర్ సర్దేది. వాద్యాన్ని సగంలో ఆపి వార్తలు మొదలుపెట్టగానే, ఆయన ఆ క్యారియర్ అందుకుని షిఫ్టుకు బయలుదేరేవాడు.

పిన్నమ్మ పోయింది. కొన్నాళ్లకు రేడియోవాళ్లు ఆ వాద్యాన్నీ మార్చేశారు. అప్పటినుంచే ఆయన వెతుకులాట.

చివరికి మదురైలో, పాత సామాన్ల కొట్టతను ఆ కూనిరాగం విని, దుమ్ములోంచి ఒక రికార్డు తీసిచ్చాడు. చిన్నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గ్రామఫోను మీద పెట్టాడు. అదే క్లారినెట్. ఆయన కదలకుండా విన్నాడు. సగంలో, చటుక్కున ముల్లు ఎత్తేశాడు.

"ఏం చిన్నాయనా, ఇంకా ఉండాదే?"

"ఉండనీమ్మా. ఇంగ న్యూసు వచ్చేస్తాది," అంటూ లేచి, వంటింటి వైపు చెయ్యి చాపాడు.