మెడ వెనక గింజ

పశువుల ఆసుపత్రిలో అందరూ ఆయన్ని చీమ కాంపౌండరు అనేవారు. కుక్కలకూ పిల్లులకూ మెడ వెనక, చర్మం కింద, చిప్పు ఎక్కించడం ఆయన పని. బియ్యపు గింజంత ఉంటుందది. తప్పిపోయిన జంతువు దొరికితే దాని మీద రీడరు తిప్పుతారు. కుయ్యిమని నంబరు చూపిస్తుంది, నంబరును బట్టి ఇల్లు దొరుకుతుంది. సూది చూసి కంగారుపడే వాళ్లతో "ఏం లేదండీ, చీమ కుట్టినంతే" అని అని, ఆ పేరు తెచ్చుకున్నాడు.

ఆయనకో పద్ధతి ఉండేది. మూగజీవం రెండుసార్లు ఏడవడమెందుకని, చిప్పూ టీకా ఒకే పూట, ఒకే చోట వేసేవాడు. అక్క పిల్లి బూడిదకూ అలాగే వేశాడు. బావ పోయాక ఆ ఇంట్లో అక్క పలకరించడానికైనా తిట్టడానికైనా ఆ పిల్లి ఒక్కటే దిక్కు.

నాలుగేళ్ల తర్వాత ఒకరోజు అక్క దాన్ని వంటగట్టు మీద కూర్చోబెట్టింది.

"ఒరేయ్, ఇక్కడేదో గడ్డలా తగులుతోంది, చూడు."

ఆయన సంచిలోంచి రీడరు తీసి తిప్పాడు. కుయ్యిమంది. నంబరు సరిగ్గా వచ్చింది.

"బ్రహ్మాండంగా పనిచేస్తోందక్కా. నీకు తగిలింది చిప్పే."

"బియ్యపు గింజంటివి. ఇది శనగగింజంత ఉందే?"

"నీ పెంపకంలో లావెక్కనిదేముంది? నన్ను చూడు!"

అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఆయన ఎన్ని పూటలు అన్నం ముందు నుంచి లేచిపోయాడో!

మూడు నెలలకు అది ఉసిరికాయంత అయింది. మళ్లీ రీడరు, మళ్లీ కుయ్యి. "చుట్టూ కండ పట్టిందిలే" అన్నాడు. వేలు పెట్టి నొక్కి చూడలేదు. చిప్పు గురించి ఎవరేమడిగినా ముందు రీడరు తియ్యడం ఆ ఆసుపత్రిలో అందరికీ అలవాటు. కూత వినపడితే ఇక అనుమానం ఉండేది కాదు.

ఇంకో మూడు నెలలకు బూడిద గట్టు ఎక్కలేకపోయింది. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ రీడరు ముట్టుకోలేదు, వేళ్లతో తడిమింది. ముక్క తీసి పరీక్షకు పంపింది. కేన్సరు. వెన్ను దాకా పాకింది.

"చిప్పు వల్లేనా అమ్మా?" అంది అక్క.

"చెప్పలేనండీ. చిప్పు దగ్గర ఇలా లేవడం చాలా చాలా అరుదు. పిల్లుల్లో టీకా వేసిన చోట కూడా ఎప్పుడో ఒకటి లేస్తుంది. ఇక్కడ రెండూ ఒకేచోట పడ్డాయి. ఏది కారణమో, అసలు రెండూ కావో. చిన్నగా ఉన్నప్పుడే తెచ్చుంటే కోసి తీసేవాళ్లం, కొంత ఆశ ఉండేది. ముందు చూసుకోలేదా?"

కాంపౌండరు నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "మాకు తెలీలేదండీ."

చెంప మీద కొట్టినా ఆయనకు అంత నొప్పి పుట్టేది కాదు.

ఇక బాధపడకుండా ప్రాణం పోయేలా వేసే చివరి సూదికి ముందు నంబరు చూసి రిజిస్టర్లో రాయాలి. అది ఆయన పనే. రీడరు తిప్పాడు. కుయ్యిమంది.

"ఇంకా బాగానే పనిచేస్తోందిరా" అంది అక్క. ఆ గొంతులో కోపం వెతికాడాయన. దొరకలేదు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు అదే పని చేశాడు. చిప్పులు మానలేదు. తప్పిపోయినవి ఇళ్లు చేరడం కళ్లారా చూసినవాడు. కాని టీకా కాలికి మార్చాడు. ఏ జంతువు వచ్చినా ముందు పది వేళ్లతో తడిమాకే రీడరు తీసేవాడు. "ఏంటయ్యా చీమా, పిండి పిసుకుతున్నావా?" అని పక్కవాళ్లు ఎగతాళి చేసినా తడమడం ఆపేవాడు కాదు. చీమ కుట్టినంతే అని మాత్రం మళ్లీ అనలేదు.

అక్క ఎప్పటిలాగే అన్నం పెట్టేది, ఎప్పటిలాగే ఆటపట్టించేది. ఒకసారి ఆయన నెల్లాళ్లు అటు వెళ్లలేకపోయాడు. ఆమె మోకాలు వాచిపోయి అన్నాళ్లుగా నడవలేకపోతోందని పక్కింటావిడ చెబితే తెలిసింది. పరుగున వెళ్లాడు.

"నాకో మాట చెప్పొచ్చు కదక్కా! ఏదీ, చూడనీ."

"నీకెందుకురా శ్రమ" అంటూ అక్క మోకాలి మీదికి దుప్పటి లాక్కుంది.