దర్వాజ దగ్గర నీలం

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు తలుపులకు రంగు వేస్తున్నారు. థిన్నర్ వాసన మెట్లెక్కి వచ్చిన ప్రతిసారీ నేను తూంకుంటలోని ఒక రేకుల గదిలో, అనురాధ అక్క పక్కన నిలబడి ఉంటాను.

అక్కది మా పక్కిల్లు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను కండ్లకోయలో ఇంజనీరింగు చదువుతూ, వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలుచుకొంటున్న కాలం. అక్క తమ పెరటి గదిలో ఒక పాత కంప్యూటర్ డబ్బాకు ముత్యపు మెరుపు తేవాలని పట్టుబట్టింది. ఆ డబ్బాను మా వీధంతా సీపీయూ అనేది. అది క్యాబినెట్ మాత్రమేనని, సీపీయూ అంటే లోపలుండే చిప్పు అని నేను సవరించబోతే, "నీకు పేరు గావాల్నా, రంగు గావాల్నా?" అని నవ్వేది.

తొలిసారి ఆమె ముత్యపు రంగును ఒకేసారి దట్టంగా కొట్టింది. మెరుపంతా మరకలుగా పేరుకొంది. దాన్ని పూర్తిగా గీకేసి, మళ్లీ ప్రైమరు, దానిపై తెల్లరంగు వేసింది. రోడ్డు మీది లారీల దుమ్ము లేవకుండా గచ్చు తడిపి, ముత్యపు రంగును పొగమంచులా పలచగా చల్లుతూ, ఆరనిస్తూ, పొర మీద పొర పట్టించింది. అప్పటికే వాళ్ల బాపు ఆ గదిని తన ప్లాట్ల బేరాలకు ఆఫీసు చేస్తానని ప్రకటించాడు. చూడదగ్గదేదైనా చేసి చూపిస్తేనే గది ఆమెది.

ఆదివారం పొద్దున ఆయన వచ్చి చూశాడు. "తెల్లగనే ఉంది గద బిడ్డా. గీ తెలుపుకేనా ఇల్లంత వాసన జేసినవు?"

నేను గొంతు సవరించుకొని, "పెద్దబాపూ, దీనికి మూడు కారణాలు..." అని మొదలుపెట్టాను. అక్క నా మోచెయ్యి పట్టుకొంది.

"నీ స్పీచు ఆపు సెల్లె," అని ఆయన వైపు తిరిగింది. "బాపూ, జర గిటు దర్వాజ దిక్కు రా."

ఆయన అయిష్టంగానే జరిగాడు. వాకిట్లోంచి పడుతున్న వెలుగులో తెలుపు మెల్లగా నీలమైంది. వెనక్కి వెళ్లాడు, తెలుపు. మళ్లీ వచ్చాడు. "గిదేంది, పరేషాన్ జేస్తాంది," అంటూ డబ్బా చుట్టూ తిరిగాడు. వెళ్తూ వెళ్తూ, "ఆఫీసు ముంగటి అర్రల వెట్టుకుంట తియ్," అన్నాడు.

నాకు సంతోషంతోపాటు కోపమూ వచ్చింది. "రంగు మారకపోయుంటే గది పోయేదే కదక్కా. గిది న్యాయమా?"

"కాదు," అంది అక్క, థిన్నర్‌తో స్ప్రే గన్ను కడుగుతూ. "గా మాట నేనే అడుగుత. ఇయ్యాలైతే ఆయన నిలవడ్డ జాగ నుంచి జరిగిండు. జరిగినోనితోని మాట్లాడొచ్చు."

తర్వాత అడిగింది కూడా. ఆ గది తాళంచెవి ఆమె చున్నీ కొసకే మిగిలింది.

నేను ఇప్పటికీ వాదిస్తాను. నా ప్రశ్నలేమీ తగ్గలేదు. కానీ నోటి దాకా వచ్చిన మూడు కారణాలను కాసేపు ఆపుకొని, ముందుగా ఎదుటివారిని నేను చూస్తున్న చోటికి పిలుస్తాను. ఒక్కోసారి వాళ్లు రారు. అప్పుడు నేనే వెళ్లి, వాళ్లున్న చోట నిలబడి చూస్తాను. అక్కడి నుంచి అది నిజంగానే తెల్లగా ఉంటుంది.