అయిదో రాతికి కూడు

పగలు ఒంటిగంట దాటింది. ఆడి నెల, ఆషాఢపు గాలి రోడ్డు మీది దుమ్మునంతా ఎత్తి తెచ్చి చింతచెట్టు కింద కుమ్మరిస్తోంది. కుప్పుస్వామి కడుపులో పొద్దుటినుంచి పడింది ఒక గ్లాసు టీ మాత్రమే. ఎదురుగా అయిదు అరిటాకుల్లో అన్నం, గుమ్మడికాయ కూర, వడలు, పాయసం. తినడానికి లేదు. అది అమావాస్య తళిగ, చచ్చినవాళ్ళకు వడ్డించింది. కాకి వచ్చి ముట్టేదాకా బతికున్నవాళ్ళు చెయ్యి పెట్టకూడదు. ఆ గాలికి కాకులు ఏ కొమ్మల్లో నక్కాయో, ఒక్కటీ రాలేదు.

“సచ్చినోళ్ళకు ఆకలి కాలేదేమో అయ్యా, నాకు మాత్రం పేగులు అరస్తాండాయి,” అన్నాడు కుప్పుస్వామి.

“ఉండరా. నీకంటే ముందునించీ కాచుకోనుండారు వాళ్ళు,” అన్నాడు సుందరరాజులు.

ఆకులు అయిదు రాళ్ళ ముందున్నాయి. కుశస్థలి ఏట్లోంచి ఆయనే ఒక్కొక్కటీ భుజాన మోసుకొచ్చి, తిరుత్తణి నుంచి పళ్ళిపట్టుకు పోయే బస్సు ఆగేచోట, పొరంబోకు నేలలో పాతిన గుండ్రాళ్ళు అవి. పసుపు పూసి కుంకం పెట్టి ఉంటాయి. ఊరు వాటిని పటాలం సాములంటుంది. బస్సుకు నిలబడ్డ ఆడవాళ్ళు చెప్పులు విడిచి దండం పెట్టుకుంటారు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన పక్కన పడిపోయిన స్నేహితులని అందరూ అనుకున్నారు. ఆయన్ని కూర్చోబెట్టి అడిగిన మనిషి మాత్రం లేడు.

సుందరరాజులుది మడక దున్నిన వంశం. మీసాలు వచ్చీ రాని వయసులో తండ్రితో తగాదా పడి పటాలంలో చేరాడు. చేరి సరిగ్గా కుదురుకోకముందే తూర్పు సరిహద్దుకు పంపారు. ఎడమ చెవి అక్కడే పోయింది. పటాలం నుంచి వచ్చాక పెళ్ళి మాటెత్తితే లేచిపోయేవాడు. పట్నం పక్క ఆవడిలో వాచ్‌మన్‌గా చేరి, లోకల్ ట్రైన్లలో సగం జీవితం ఊగి, ముసలితనంలో ఊరికొచ్చాడు. కూడబెట్టుకున్నదంతా పోసి ఒక ఇల్లు కట్టి, చనిపోయిన తమ్ముడి కూతురు దేవసేన పేర రాసిచ్చి, తను వెనక రేకుల గదిలో పడుకుంటున్నాడు. ఆ ఇంటి గోడలు లేపిన మేస్త్రీ కుప్పుస్వామే. అయిదో తరగతిలో బడి మాని తాపీ పట్టినవాడు, ఇప్పుడు యాభై దగ్గర పడి నడుం పట్టేసినా ఆ తాపీ వదల్లేనివాడు. ఇల్లు కట్టిన ఏడాది నుంచీ, అమావాస్యనాడు కాకి తిన్నాక పెట్టే మొదటి విస్తరి అతనిదే.

మొన్న ఎండాకాలంలో సరిహద్దులో మళ్ళీ కాల్పులు మొదలైనప్పుడు కుప్పుస్వామి ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. అతని భార్య ఆరోగ్యమేరి తమ్ముడి కొడుకు పార్థిబన్ అక్కడున్నాడు. ఫోను కలవదు. ఆమె చర్చి మెట్ల మీద కూర్చుని పొద్దు గడిపేది. అవే రోజుల్లో ఊరి మొనగాళ్ళు టీకొట్టు టీవీ ముందు చేరి, బజ్జీలు నములుతూ, ఇంకా కొట్టాలి, ఊరూపేరూ లేకుండా చెయ్యాలి అని పటాలానికే ఆర్డర్లు వేసేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడి ఇంటినుంచీ సరిహద్దుకు పోయిన మనిషి లేడు. బిడ్డను పంపినవాడికి నోట మాట రాదు, పంపనివాడికి యుద్ధం చాలదు. పార్థిబన్ క్షేమంగానే ఉన్నాడు. కుప్పుస్వామికి ఆ కోపం మాత్రం ఇంకా ఆరలేదు.

టీకొట్లో అందరికంటే పెద్ద గొంతు దేవసేన మొగుడు మోహన్‌రాజ్‌ది. ప్లాట్లు వేసి అమ్ముతాడు. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలని ఇప్పటినుంచే తెల్లచొక్కాలు కుట్టించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఇంటి వెనక దగ్గుతూ పడి ఉన్న ముసలాయన పటాలం మనిషన్న సంగతి అతనికి ఆ ఎండాకాలంలోనే గుర్తొచ్చింది.

చివరికి ఒక కాకి దిగి మూడో ఆకులో వడ ఎత్తుకుపోయింది. కుప్పుస్వామి విస్తరి ముందు కూర్చుని రెండు ముద్దలు మింగాడో లేదో, మోహన్‌రాజ్ బండి ఆపి దిగాడు. ఆగస్టు పదిహేనుకల్లా ఇక్కడ నల్లరాతి స్తూపం లేపుతానని, పెద్దవాళ్ళు వచ్చి తెరుస్తారని, దిమ్మె పని కుప్పుస్వామికేనని చెప్పాడు.

“ఈ అయిదుగురి పేర్లూ చెప్పు మామా. బంగారు రంగుతో చెక్కిస్తా,” అన్నాడు ఫోను తీసి.

సుందరరాజులు ఒక్కొక్క రాతి వైపు చూస్తూ నాలుగు పేర్లు చెప్పాడు. అయిదో రాతి దగ్గర ఆగిపోయాడు.

“వీని పేరు తెలీదు.”

“నీ పక్కన ఉన్నోని పేరు తెలీదా?”

“నా పక్కన యాడుండాడు? ఎదురుగా ఉండాడు. అవతలోళ్ళ పటాలం వాడు.”

మోహన్‌రాజ్ నవ్వాడు. ముసలాయన నవ్వకపోయేసరికి మొహం మారింది. ఇదేం పోయేకాలం, శత్రువుకు రాయి పాతి పాయసం పోస్తావా అన్నాడు. సుందరరాజులు కుడిచెవి అతని వైపు తిప్పి అంతా విన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

“ఆ నలుగుర్నీ చితిమీద కాల్చేటప్పుడు నేను లేనప్పా. చెవిలోంచి నెత్తురు కారతా వేరేచోట పడుండా. లేచి నిలబడినాక మా ఆఫీసరు, అవతలోళ్ళ పీనుగుల్ని పూడ్చమన్న్యాడు. వీణ్ణి నేనే మోసినా. నేనే గుంత తవ్వినా. మన్ను నేనే ఏసినా. మన్నేసిన చెయ్యి కూడు పెట్టాల్నా, వద్దా? నువ్వే చెప్పు. ఆ నలుగురికీ వాళ్ళవాళ్ళ ఊళ్ళల్లో పెట్టేవాళ్ళుండారు. వీనికి నేనొక్కణ్ణే.”

ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన కట్టుబాటు. గుంతలో మొదటి పిడికెడు మన్ను ఎవరి చేతిది పడుతుందో, ఏడాదికొకసారి కూడు వాళ్ళే పెట్టాలి. గట్టు తగాదాలో కోర్టుదాకా పోయిన దాయాదికి, వేరే దిక్కులేక మన్ను వేసి, ఆ పాపానికి ఏటేటా తిట్టుకుంటూనే తళిగ వేసినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు. మోహన్‌రాజ్ నాయన కూడా అలా పెట్టినవాడే.

“ఆ కత వేరు, ఈ కత వేరు,” అన్నాడు మోహన్‌రాజ్. “ఇది బయటపడితే ఊరు నా మొహాన ఉమ్ముతుంది మామా.”

“ఇన్నాళ్ళూ ఊరు వానికి మొక్కతానే ఉండాది కదప్పా. ఎవురికీ కడుపునొప్పి రాలే.”

కుప్పుస్వామి నోట్లో ముద్దతోనే నవ్వాడు. మోహన్‌రాజ్ అతని వైపు చూసిన చూపు మంచిది కాదు. సుందరరాజులు మాత్రం ఒక్కటే అడిగాడు. స్తూపం నీ ఇష్టమొచ్చినట్టు కట్టుకో, నాలుగు పేర్లే చెక్కించు, నా ఫోటో కావాలంటే అదీ పెట్టుకో, ఈ అయిదు రాళ్ళనూ కదిలించొద్దు. సరే మామా అని మోహన్‌రాజ్ బండెక్కాడు.

దిమ్మెకు గుంత తీశారు. కడ్డీలు కట్టారు. కుప్పుస్వామి రాళ్ళకు దెబ్బ తగలకుండా చుట్టూ గోనెసంచులు కప్పి పని చేశాడు. ఈలోపల రోడ్డుకు రెండు వైపులా ఫ్లెక్సీలు లేచాయి. సుందరరాజులు ముసలి మొహాన్ని ఎవడిదో కుర్ర శరీరానికి అతికించి, ఆయన ఎన్నడూ పట్టని కొత్తరకం తుపాకీ ఒకటి చేతికిచ్చారు. పక్కన అంతకంటే పెద్దగా మోహన్‌రాజ్, చేతులు జోడించి. ముసలాయన ఒకసారి ఆ ఫ్లెక్సీ కింద నిలబడి, ఈయనెవురురా అని కుప్పుస్వామినే అడిగాడు.

కాంక్రీటు పోసే రోజు మోహన్‌రాజ్ వచ్చి, నాలుగు రాళ్ళు ఉంచి అయిదోదాన్ని సమ్మెటతో పగలగొట్టి దిమ్మెలోకి తొయ్యమన్నాడు. ముసలాయనకు పెన్షన్ పనని చెప్పి తిరుత్తణికి పంపించాడట. వచ్చేలోగా అయిపోవాలట.

కుప్పుస్వామి సమ్మెట ముట్టుకోలేదు.

“ఏందిరా చూస్తాండావు? నువ్వు ఎవురి పక్క?”

అన్నాళ్ళ కోపమూ అప్పుడు అతని నోటికొచ్చింది. అరవలేదు. అరవడానికి ఒంట్లో సత్తువ లేదు.

“నా పెండ్లాము తమ్ముని కొడుకు ఆడ కాపలా ఉండాడు. రేపు వాడు అవతల పడిపోతే, మేము పోయి ఎత్తుకోలేం. ఆడ ఎవుడో ఒకడు మన్నెయ్యాల. అట్లా ఏసినోడు ఏడాదికొక ముద్ద పెట్టేటోడై ఉండాలని ఆరోగ్యమేరి మొక్కుకోనుండాది. నువ్వేమో ఈడ రాయి పగలగొట్టమంటాండావు. నీ ఇంట్లో ఎవురన్నా సరిహద్దుకు పోయినారా సామీ? నువ్వు యుద్ధం చూసింది టీకొట్లో కదా.”

చుట్టూ ఉన్న కూలీలు పారలు ఆపారు. మోహన్‌రాజ్ మొహం చెమటతో మెరిసింది. నా పని చేసేవాళ్ళు వెయ్యిమంది, నిన్ను ఇంకెవడు పిలుస్తాడో చూస్తానన్నాడు. కుప్పుస్వామి తాపీ కడిగి సంచిలో వేసుకున్నాడు. అయిదో రాతిని ఎత్తుకుపోదామని వంగాడు. నడుం లేవనివ్వలేదు. మోహన్‌రాజ్ మనుషులిద్దరు అతన్ని భుజాలు పట్టి రోడ్డు దాటించారు. అతను చూస్తుండగానే సమ్మెట మూడు దెబ్బలకు పసుపు పూసిన రాయి ముక్కలైంది. ముక్కల్ని కంకరలో కలిపి పోసేశారు.

మధ్యాహ్నం బస్సులో సుందరరాజులు దిగాడు. చింతచెట్టు దాకా నడిచి, ఆరని దిమ్మె ముందు నిలబడి, రాళ్ళ మీద ఒకసారి చూపు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. కుప్పుస్వామి ఆయన దగ్గరికి పోయి జరిగింది చెప్పాడు. ముసలాయన ఎడమచెవి తిప్పి విన్నాడు, అంటే వినలేదు. అవసరం లేకపోయింది.

ఆ పొద్దునుంచి ఆయన ఆ ఇంటి అన్నం ముట్టలేదు. దేవసేన పళ్ళెం తీసుకుని రేకుల గది ముందు నిలబడి, పెద్నాయనా, ఆయన తరపున నేను కాళ్ళు పట్టుకుంటానంది. ఆయన ఆమె తల నిమిరి పళ్ళెం వెనక్కిచ్చాడు. మొగుడితో ఆమె పెట్టుకున్న పోట్లాట వీధి చివరికి వినిపించింది. రాయిదేముంది, ఇంకొకటి తెచ్చి పాతుకోమను అన్నాడట మోహన్‌రాజ్. మన్నేసిన చేత్తోనే మొదటి కూడు పెట్టి, నీ చోటు ఇది అని పేరు లేనివాణ్ణి పిలిచి నిలిపిన రాయి అది. పగిలాక ఏ రాతి దగ్గరికి రమ్మని పిలుస్తాడు?

ఆగస్టు పదిహేను పొద్దున మబ్బు పట్టి చినుకులు పడుతున్నాయి. షామియానా వేశారు, బడిపిల్లల్ని జెండాలతో వరసగా నిలబెట్టారు. ముందు వరసలో ఎర్రకుర్చీ సుందరరాజులుకు. స్తూపం మీద నాలుగు పేర్లకు తోడు అయిదో పేరు కూడా ఉంది. మోహన్‌రాజ్ ఎక్కడినుంచో తెచ్చి చెక్కించిన పేరు. అలాంటి మనిషి ఏ యుద్ధంలోనూ చావలేదు.

కుప్పుస్వామి పనికోసం పళ్ళిపట్టు వైపు పోవాలని వచ్చి, షామియానా దగ్గరికి పోవడం ఇష్టంలేక రోడ్డుకు అవతలి పక్క నిలబడి ఉన్నాడు. సుందరరాజులు ఇంటి సందులోంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా లేదు, మెడల్సు లేవు, చేతిలో ఒక గుడ్డసంచి, దాని మూతిలోంచి చుట్టిన అరిటాకు కొస. షామియానా వెనకనుంచి, స్తూపం వైపు తల తిప్పకుండా రోడ్డు దాటాడు. తిరుత్తణి వైపు పోయే బస్సు వచ్చింది.

“యాడికి అయ్యా?” అన్నాడు కుప్పుస్వామి, కుడిచెవి పక్కకు వచ్చి. “నేనూ వస్తానుండు.”

సుందరరాజులు అతని నడుం మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఉంచాడు. తర్వాత కడ్డీ పట్టుకుని ఎక్కాడు. బస్సు చెరకు తోటల మలుపు తిరిగేదాకా కుప్పుస్వామి చూశాడు.

ముసలాయనకు ఒంట్లో బాగాలేదని మైకులో చెప్పి, తెచ్చిన శాలువాను కుర్చీకి కప్పి, మోహన్‌రాజ్ దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు.