బాపు ముట్టని ముద్ద

దయ్యం, ఆత్మ అంటూ ఎవరైనా మొదలుపెడితే నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే రకం. కోరుట్లలో ఇన్నేళ్లుగా బడిపిల్లలకు సైన్సు చెబుతున్నాను. నిమ్మకాయలకు, తాయెత్తులకు భయపడొద్దని క్లాసులో గొంతు చించుకునేదాన్ని నేనే. అలాంటిది ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నందుకు నా మీద నాకే చిరాకుగా ఉంది. రాయకపోతే బుర్ర తినేస్తోంది, అందుకే రాస్తున్నాను.

ముందు మా బాపు గురించి, అంటే మా నాన్న గురించి చెప్పాలి. సిరిసిల్లలో చేతిమగ్గం నేసి, తర్వాత మరమగ్గాల మీదికి మారిన మనిషి. మా దగ్గర వాటిని సాంచాలంటారు. షెడ్డులో ఆ మోతకు పక్కవాడి మాట కూడా వినబడదు. బాపు చేతులతో, కనుబొమ్మలతోనే జోకులు చెప్పేవాడు. ఆ మూల నుంచి ఈ మూల దాకా పనివాళ్లు దారం తెగిన సంగతి కూడా చూసుకోకుండా నవ్వేవాళ్లు.

తను నడిపే సాంచాలకు చుట్టాల పేర్లు పెట్టుకున్నాడు. మాటిమాటికి దారం తెంపే దానికి మా అమ్మమ్మ పేరు. "ఇయ్యాల మా అత్త అలిగిందే, పొద్దటిసంది ఒక్క గజం నేయనియ్యలే" అని ఇంటికొచ్చి చెబితే అమ్మ గరిటె పట్టుకుని వెంటపడేది.

అన్నం దగ్గర ఆయనకో అలవాటు ఉండేది. తన పళ్లెం ముట్టుకోకముందే మా పళ్లాల్లో చెయ్యి పెట్టి మొదటి ముద్ద లాక్కునేవాడు. "ఇసమున్నదేమో సూత్తున్న. మీ అవ్వను నమ్మద్దు" అని, అన్నంలో విషం కలిపినట్టు అమ్మను ఉడికించేవాడు. అన్న రాజేశం రెండు చేతులతో పళ్లెం మూసేసి "బాపూ, నాది!" అని అరిచేవాడు. ఎంత మూసినా ఆ ముద్ద పోయేదే.

అన్న జగిత్యాలలో డిగ్రీ చదివేవాడు. ఒకసారి సెలవులకు వచ్చి, పొద్దున్నే బాపు సైకిల్ తీసుకుని బయటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. దళంలో కలిశాడని నెల తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి బాపుకు స్టేషన్ పిలుపులు మొదలయ్యాయి. కొడుకు ఎక్కడున్నాడని ఎస్సై అడిగితే బాపు ఇచ్చిన జవాబు ఊరంతా పాకింది. "దొరికితే జెర నాకు గూడ చెప్పున్రి సారూ. నా సైకిల్ కొండవోయిండు."

ఊరు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు బాపు ఇంటికి వచ్చేసరికి కింది పెదవి పగిలి ఉంది. ఏమైందంటే "సారు చాయ్ పోయించిండు బిడ్డా, జెర ఎక్కువ కాలింది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కొట్టారని చెప్పడానికేం? ఏడవడానికేం? ఆ మనిషి దగ్గర ఒక్కదానికీ సూటి జవాబు ఉండేది కాదు. అన్న గుర్తొస్తాడా అని అడిగితే "సైకిల్ గుర్తొత్తది" అనేవాడు. కానీ రోజూ అన్నం ముందు కూర్చోగానే ఆయన చెయ్యి ఒకసారి అన్న కూర్చునే వైపు వెళ్లి వెనక్కి వచ్చేది. నేను చూశాను.

ఆ మరుసటి ఏడాది, హోళికి ముందు రోజు, బాపు సాంచె దగ్గరే కూలిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ప్రాణం లేదు. అన్న లేడు కాబట్టి కొరివి మా చిన్నాయన పెట్టాడు.

మూడోనాడు, అంటే హోళి అయిన తెల్లారి, మానేరు ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, కాకి ముట్టే దాకా దూరంగా కూర్చుంటారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకెళ్లి మాట ఇవ్వాలి. ఏ మాటకు కాకి దిగితే అదే ఆ కోరిక అని అంటారు.

నాకు అదంతా పిచ్చిపని. అమ్మ కోసం వెళ్లాను.

మేకమాంసంతో యాటకూర, గారెలు, సీసాలో కల్లు, బీడీకట్ట. అన్నీ ఆయనవే. పదకొండు గంటలకు పెట్టాం. తుమ్మచెట్టు మీద ఏడు కాకులున్నాయి, నేనే లెక్కపెట్టాను. ఒక్కటీ కదల్లేదు.

చిన్నాయన వెళ్లి "అన్నా, నీ బిడ్డ పెండ్లి నేను జేత్త" అన్నాడు. కాకి రాలేదు. మేనత్త బీడీ వెలిగించి పెట్టింది. రాలేదు. నన్ను కూడా తోశారు. సిగ్గుతో చచ్చిపోతూ "బాపూ, చదువు మానను" అన్నాను. ఆ కాకులు నా వైపు చూడను కూడా లేదు.

కోరిక ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ నోరు తెరవలేరు. ఎందుకంటే ఇరవై అడుగుల దూరంలో మఫ్టీలో ఒక పోలీసు పేపరు పట్టుకుని కూర్చున్నాడు. తండ్రి దినానికి కొడుకు వస్తాడేమోనని కాపలా. అన్న పేరు ఎత్తామంటే ఆ సాయంత్రమే మళ్లీ స్టేషన్.

చివరికి అమ్మ లేచింది. విస్తరి దాకా వెళ్లి "నీ కొడు..." అని ఆ పోలీసు వైపు చూసింది. అంతే. మాట మింగేసి వెనక్కి వచ్చి కూర్చుంది. ఆమె మొహం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

రెండు గంటలకు ఆ పోలీసు లేచి "ఇంక సాలు, గుంపు కట్టద్దు, పొండ్రి" అన్నాడు. మేం పది అడుగులు వేశామో లేదో కుక్కలు వచ్చి విస్తరి లాక్కుపోయాయి.

ఆ రోజు నుంచి అమ్మ యాటకూర ముట్టలేదు. "ఆయన తినంది నేనెట్ల తింట? నేను నోరు దెరిసి చెప్పకనే పోయిండు. ఉపాసం పోయిండు" అని ఒకటే మాట. ఎంత చెప్పినా వినేది కాదు. కాకికి ఏం తెలుసమ్మా, ఎండకు రాలేదని పోట్లాడేదాన్ని. పోట్లాడి పోట్లాడి, పక్కకు వెళ్లి బాపును తిట్టుకునేదాన్ని. ఒక్క మెతుకు ముడితే నీ సొమ్మేం పోయేదయ్యా అని. నమ్మనిదాన్ని ఎవరిని తిడుతున్నానో, ఎందుకు తిడుతున్నానో నాకే తెలియదు.

ఇలా ఎనిమిదేళ్లు గడిచాయి. నా పెళ్లయింది, కోరుట్ల వచ్చాను. అప్పుడు అన్న జగిత్యాలలో లొంగిపోయాడు. కాగితాల పని అయ్యాక మొదట మా ఇంటికే తీసుకొచ్చాను. సగం వెంట్రుకలు తెల్లబడ్డాయి.

మధ్యాహ్నం అన్నం పెట్టాను. ఎదురుగా దండెం మీద ఒక కాకి వాలింది. అన్న చటుక్కున రెండు చేతులతో పళ్లెం మూసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, అన్న మాత్రం నవ్వలేదు. అప్పుడు చెప్పాడు. పిట్టకు పెట్టిన సంగతి నేను అప్పటికి అన్నకు చెప్పలేదు. ఇది నేను ఒట్టేసి చెప్పగలను.

అన్న చెప్పింది ఇది. కొడిమ్యాల గుట్టల్లో ముగ్గురున్నారట. కింది ఊరి నుంచి ఒకతను సద్దిమూటలు తెచ్చి ఇచ్చి వెళ్లిపోయాడు. అన్న మోదుగాకులో అన్నం పెట్టుకుని, కలిపి, మొదటి ముద్ద ఎత్తాడు. పక్క నుంచి ఒక కాకి వచ్చి ఆ ముద్దను వేళ్ల సందులోంచే లాక్కుపోయింది.

"ఆకును రెండు చేతులతోని మూసిన. నోట్లకెల్లి 'బాపూ, నాది' అని అచ్చింది. ఎందుకచ్చిందో తెల్వది. పక్కపొంటి ఉన్నోళ్లు ఒకటే నవ్వుడు."

కాకి ఎదురుగా బండ మీద కూర్చుని ఆ ముద్ద తిన్నది. కాసేపటికి రెక్కలు వేలాడేసింది. తర్వాత పక్కకు ఒరిగి పడిపోయింది. ముగ్గురూ మూటలు అక్కడే పారేసి గుట్ట దాటారు. అన్నంలో ఏముందో, అసలు ఏమన్నా ఉందో లేదో వాళ్లకు ఎప్పటికీ తెలియలేదు. ఎవరూ తినలేదు కదా. బాపు పోయిన సంగతి అన్నకు తెలిసింది ఆ తర్వాత రెండు నెలలకు.

నేను ఊరుకోలేదు. అది ఏ రోజని నిలదీశాను.

"హోళి తెల్లారి. సద్ది తెచ్చినోని చేతులకు రంగు ఇంక పోలే, గులాబి రంగు. కొడిమ్యాల గుట్టల్ల నేనున్నది గా ఒక్క హోళికే, అటెన్క వేరే దిక్కు పోయిన."

ఎన్ని గంటలకు? గడియారం లేదు, ఎండ నడినెత్తి మీద ఉందన్నాడు. నేను ఇంకా చాలా అడిగాను. కోపంగా అడిగాను. ఎక్కడో ఒకచోట తప్పు చెబుతాడని చూశాను. చెప్పలేదు.

కాకి ఎండదెబ్బకు పడిపోయి ఉండొచ్చు. దానికి ముందే జబ్బు ఉండొచ్చు. కాకులు అన్నం లాక్కోవడం వింతేమీ కాదు. క్లాసులో ఏ పిల్ల అడిగినా నేను ఇదే చెబుతాను. కానీ ఆ రోజే ఎందుకు, మొదటి ముద్దే ఎందుకు?

సిరిసిల్ల వెళ్లి అమ్మకు చెప్పాం.  అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "ముసలోడు ఎప్పుడూ గంతే. మంది పల్లెంల చెయ్యి వెట్టుడేనాయె" అని తిట్టింది. తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

ఆ ఆదివారం ఎనిమిదేళ్ల తర్వాత ఇంట్లో యాటకూర వండింది. అందరం కూర్చున్నాం. అన్న ముద్ద కలుపుతుండగా అమ్మ చెయ్యి చాపి ఆ ముద్ద లాక్కుని నోట్లో పెట్టుకుంది. "ఇసమున్నదేమో సూత్తున్న కొడుకా" అంది. అన్న పళ్లెం మూసుకునేలోపే అయిపోయింది.

నాకు ఇప్పటికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం కానందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది. అడుగుదామంటే బాపు లేడు. ఉన్నా, సూటిగా చెప్పేవాడు కాదు.